పెద్దత్త పళ్ల సెట్టు

పెద్దత్త పోయిందని సంత్రాగాఛి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆమె పళ్ల సెట్టు భవానీపూర్‌లో నా బల్ల మీద, మూత బిగించిన కుక్కర్‌లో, వెచ్చటి నీళ్లలో గట్టిపడుతోంది. ఇన్నేళ్లలో నా మాట విన్నది ఈ ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఇలా చేసింది.

నేను కట్టుడు పళ్లు చేసేవాణ్ణి. సెట్టు వదులైతే లోపలివైపు కొత్త పొర వేయాలి. పాత పొర గీకి గరుకు చేసి, మందు నీళ్లతో తడిపి, పొడి కలిపిన ముద్ద పరిచి, గట్టిపడేదాకా ఆగాలి. తొందరపడితే అంచు లేస్తుంది, చిగుళ్లు మండుతాయి. ఆమెకు ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

ఆమెకేమో గంటలో కావాలి. బోసినోటితో ఎవరి కంటా పడకూడదు, ఆదివారం చర్చిలో వాక్యం చదవాలి. నా దుకాణంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుని, "ఏట్రా, ఇంకా ఆరలేదా?" అని అడుగుతూనే ఉండేది. ఆరబెట్టడానికి ఇదేమైనా అప్పడమా? కరెంటు పోయి గీకే మిషను ఆగితే ఆ నేరమూ నాదే.

అంతకన్నా ఘోరం, అంచు లేచిందంటే చెప్పులతికించే జిగురు రాసుకుని వచ్చేది. జిగురున్నచోట కొత్త ముద్ద పట్టదు. నేను చెమటలు కక్కుతూ గీకుతుంటే, "నాది పట్టింది కదరా, నీదే ఊడింది" అనేది. మీరే చెప్పండి, ఏం చేయాలి ఈ మనిషిని?

మా నాన్న పోయాక ఒక పళ్ల డాక్టరు గుమ్మంలో మూడు రోజులు కూర్చుని, నాకు పని నేర్పమని బతిమాలింది ఆమే. నేను చేసిన మొదటి సెట్టూ ఆమెదే. అది చిగుళ్లు కోసేది. ఏడాదిపాటు కిక్కురుమనకుండా పెట్టుకుని, మా మేనల్లుడు చేశాడని రైల్వే క్వార్టర్సంతా నవ్వి చూపించింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

మొన్న సెట్టు నా చేతిలో పెట్టి, "నీకు కావలసినంతసేపు ఉంచుకోరా, నాకేటి తొందర?" అంది. అప్పుడే అనుమానించాల్సింది.

సెట్టు గట్టిపడేదాకా ఆగి, తడిగుడ్డలో చుట్టుకుని బయల్దేరాను. ఎర్రజెండాల ఊరేగింపు బస్సును ఆపేస్తే దిగి హౌరా దాకా నడిచాను. లోకల్ రైల్లో అంచు వెంట గోరు పెట్టి చూశాను. ఎక్కడా లేవలేదు. ఇంత బాగా నాకెప్పుడూ కుదరలేదు. ఆమె మీద ఇంత కోపమూ ఎప్పుడూ రాలేదు.

నా కోసం పెట్టె మూయకుండా ఆగారు. కొంగు నోటిమీదే ఉంది. కాసేపు ఎవరూ చూడొద్దన్నాను. గదిలో ఉన్నవాళ్లంతా, పాస్టరుగారితో సహా, గోడవైపు తిరిగి నిలబడ్డారు.