అక్క గొంతుతో స్పీకర్ల పరీక్ష

మహబూబాబాద్‌లో ఉండే మా బావ కొత్త స్పీకర్లు కొంటానని నన్ను జనగామ నుంచి పిలిపించుకున్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, శబ్దం గురించి నాకు తెలియనిది లేదని అనుకుంటున్న రోజులవి.

ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు ముందుగా పెద్ద స్పీకర్ల మీద ఏదో డీజే పాట పెట్టాడు. అద్దాల తలుపు గడగడలాడింది.

"గివే ఖాయం చేద్దాం!" అన్నాడు బావ.

"ఆగు బావా, గట్టిగ మోగిందే మంచిగున్నట్టు అనిపిస్తది" అని, పక్కనున్న మరో జత కూడా పెట్టించి, రెండింటి సౌండూ ఒక్కతీరుగా చేయించాను. వీడియోల్లో చెప్పినట్టు కళ్ళు మూసుకుని విన్నాను.

"నిద్రొస్తుందా అన్నా? చాయ్ తెప్పియ్యాల్నా?" అన్నాడు దుకాణదారు.

నిజానికి సౌండు సమానమయ్యాక నాకే తేడా తెలియలేదు. ఎన్నడూ వినని పాట. అది ఎలా ఉండాలో తెలిస్తే కదా, ఎలా ఉందో చెప్పడానికి! ఆ మాటే పైకి అన్నాను.

"రోజు వినే గొంతు పెట్టాలె, గంతే గదా?" అంటూ బావ తన ఫోన్ కలిపి, పొద్దున అక్క పంపిన వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"పెరుగు తెస్తనని పోయి యాడ కూసున్నవ్? జల్ది రా!"

పెద్ద స్పీకర్లలో అక్క బిందెలో తల పెట్టి అరిచినట్టుంది. రెండో జతలో గొంతు తియ్యగా వచ్చింది. దుకాణదారు మురిసిపోయాడు. బావ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మీ అక్క నాతోని ఎన్నడన్న గింత మెత్తగ మాట్లాడిందా బామ్మర్ది? గివి అబద్ధమాడుతున్నయ్."

మూలనున్న చిన్న జతకు కలిపాం. మొదటి మాట వినపడగానే బావ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "వస్తున్ననే!" అని జవాబు కూడా ఇచ్చాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అవే కొన్నాం.

ఇంట్లో అక్క ఆ డబ్బాలను చూసి పెదవి విరిచింది. "గింత చిన్నగున్నయేంది? ఎట్ల జూసి తెచ్చిన్రు?"

బావ వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు, నేను మొత్తం చెప్పేశాను.

"ఏదీ, పెట్టు" అంది. పెట్టాం. చివరిదాకా విని, "నా గొంతు గిట్లుండదు. గీ స్పీకర్లల్లనే ఏదో ఖరాబున్నది. పోయి మార్చుకొని రాండ్రి" అంది.

బావ గోడవైపు చూశాడు. అక్క మళ్ళీ పెట్టించుకుని వింది. ఈసారి నవ్వాపుకోలేక మంచం మీద కూలబడింది.

"గిన్నేండ్ల సంది గీ గొంతును ఎట్ల ఓర్సుకుంటున్నవయ్యా?"

"అలవాటైంది" అన్నాడు బావ, ఆలోచించకుండా.

స్పీకర్లను మార్చలేదు. సాయంత్రం అక్క అలిగి పడుకుంటే, బావకూ నాకూ చాయ్ నేనే పెట్టాను.