ఘాటీ దిగి వచ్చిన నెలవంక

సాలూరులో రంజాన్ నెలవంక కబురు లారీ డ్రైవర్లు తెస్తారని ఒక మిత్రుడు చెప్పాడు. అది చూద్దామని 2016 జూన్‌లో, రంజాన్‌కు ముందు నెల ఇరవై తొమ్మిదో రోజున, మధ్యాహ్నం రెండున్నరకు విజయనగరంలో బస్సెక్కాను. టికెట్టు నలభై చిల్లర. గజపతినగరం దాటాక ఆకాశం మూసుకుంది. నేనెందుకు వెళ్తున్నానో విని, జీడిపిక్కల సంచితో పక్కన కూర్చున్న రైతు, "మబ్బట్టీసింది బాబూ. సెందురుడేటి, సూరీడే అవుపడ్డం నేదు" అన్నాడు.

నాలుగున్నరకు దిగి, మూడు వందలకు లాడ్జిలో గది తీసుకుని, ఆ మిత్రుడు చెప్పిన కరీం భాయ్ షెడ్డుకు వెళ్లాను. లారీలకు కరెంటు పని చేస్తాడు. అరవై దాటిన మనిషి. పొద్దుగుంకే వేళకు నన్ను మసీదు మేడ మీదికి తీసుకెళ్లాడు. పదిహేను మందిమి పడమటికి చూస్తూ నిలబడ్డాం. కొండలే కనిపించలేదు. నెలవంక కనబడితే తెల్లవారి తొలి ఉపవాసం, లేకపోతే ఒకరోజు ఆగాలి. తమ ఊరి మబ్బు వల్ల ఒక రోజా ఉపవాసం చేజారుతుందేమోనని కరీం భాయ్ దిగులు.

ఏడింటికి పది నిమిషాలుండగా ఆయన ఫోను మోగింది. రాయ్‌పూర్ లోడుతో ఘాటీ కొండదారి ఎక్కుతున్న డ్రైవర్ రహంతుల్లా. కొండ మీద సుంకి దగ్గర మబ్బు కిందే ఉండిపోయిందట, పైన సన్నటి వంక కనిపించిందట.

ఇమాం గారు తల అడ్డంగా ఊపారు. "మబ్బు రోజున ఒక్క సాక్షి చాలు. కానీ ఆ మనిషి నా ఎదుట నిలబడి చెప్పాలి."

"నిజవే హజ్రత్. ఫోన్లో డ్రైవరు మాటేటి? కోరాపుట్‌లో ఉండి బైపాస్ కాడున్నానంటాడు" అని నవ్వి, కరీం భాయ్ మళ్లీ ఫోనందుకున్నాడు. "ఒరే, నువ్వు దిగి రావాల. ఊరంతా నీ మాట మీదే ఉన్నాది."

"లోడు లేటయితే ఓనరు నన్ను ఉంచడు మావా" అంది అవతలి గొంతు. ఫోను కట్టయింది. వస్తాడో రాడో ఎవరికీ తెలియదు.

ఎనిమిదింపావుకు మసీదు ముందు ఒక లారీ ఆగింది. రహంతుల్లా దిగాడు. తన బండిని సుంకిలో క్లీనరుకు అప్పజెప్పి, దిగువకు వచ్చే బండి పట్టుకున్నాడట.

"వంక కొమ్ములు ఎటున్నాయి?" అడిగారు ఇమాం గారు.

"పైకి. కొంచెం ఎడంపక్కకి ఒరిగి."

"పొరపడలేదు కదా?"

"అబద్దాలు సానా ఆడాను హజ్రత్. ఇది మాత్రం సూసాను."

ఇమాం గారు అతని ముఖంలోకి కాసేపు చూశారు. తర్వాత మైకు తెమ్మన్నారు.

"ఈ ఊళ్లో నీ మాట నెగ్గడం ఇదే మొదలురా" అన్నాడు కరీం భాయ్, అతని వీపు తడుతూ.

పొద్దున్న ఆరున్నరకు బస్టాండులో రహంతుల్లా కనిపించాడు. కొండెక్కే బండి కోసం చూస్తున్నాడు. టీ ఇప్పించబోతే వద్దన్నాడు. ప్రయాణంలో ఉన్నవాళ్లు ఉపవాసం తర్వాత తీర్చుకోవచ్చంటారు కదా అన్నాను.

"ఒప్పుకుంటారండి. కానీ ఊరందరిసేతా ఉపోసం పెట్టించి నానిక్కడ టీ తాగితే, రాత్రి నాను సెప్పింది ఎవుడు నమ్ముతాడు?"

ఎనిమిదిన్నరకు విజయనగరంలో దిగేదాకా అదే ఆలోచన. పేపరు నెత్తిన అచ్చయిన తేదీని నమ్మి బతికినవాణ్ని నేను. సాలూరులో ఒక మనిషి ముఖం చూసి నెల మొదలుపెట్టారు.