షంషాద్ అక్క వదిలేసిన చప్పుడు

స్విచ్ వేయగానే స్పీకర్‌లోంచి ‘టప్’మంటుంది. కడపలో పెళ్లిళ్లకు మైక్ సెట్లు అద్దెకిచ్చే నాకు అది అలవాటైన చప్పుడే. కొత్త సెట్లలో ఆ పీడ లేదంటారు మా అంగట్లో పనిచేసేవాళ్లు. నాకు మాత్రం అది వినపడితే షంషాద్ అక్క గుర్తొస్తుంది, ఆ వెంటనే ఎవరో తిట్టబోతున్నట్టు సర్దుకుని నిలబడతాను.

వేంపల్లెలో అక్కది మా పక్కిల్లు. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసేది. మాట కటువు, మనసు వెన్న. మా అమ్మది వీధి చివరిదాకా వినపడే బొంగురు గొంతు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక అది పక్క గదిలోకి కూడా వినపడకుండా పోయింది. ప్రతి మాటా రెండుసార్లు చెప్పలేక అమ్మ మాట్లాడటమే మానేసింది. ఆ మౌనం భరించలేక అక్క దగ్గర ఏడ్చాను.

"ఏడిస్తే గొంతొస్తాదా? పద" అంటూ అక్క మా ఇంటికొచ్చి, ఒక పాత యాంప్లిఫయర్‌కు మైకు, స్పీకర్ తగిలించింది. స్విచ్ వేస్తే స్పీకర్‌లో ఊగే కాగితపు గిన్నె ముందుకు పొంగి అలాగే నిలిచిపోయింది. మాట నలిగినట్టు వచ్చింది. కాసేపటికి కాలుతున్న వాసన కూడా.

"మాట అటూ ఇటూ ఊగుతాది పాపా. దాంతోపాటు ఊగని కరెంటు కూడా పోయి, ఒకేపక్క తోస్తాండాది. దాన్ని ఆపల్ల" అని స్పీకర్‌కు పోయే తీగ మధ్యలో చిన్న కెపాసిటర్ పెట్టింది. ఊగేదాన్ని పోనిచ్చి, నిలిచి ఉన్నదాన్ని ఆపేస్తుందది. స్పీకర్ తన చోటికొచ్చింది. అమ్మ మాట శుభ్రంగా వినపడింది. నాకు పండగే.

అక్క మాత్రం మొహం చిట్లించింది. "ఇది మీ అమ్మ గొంతేనా? ఎవురో పరాయామె మాట్లాడినట్ల సన్నంగా ఉండాది."

"వినపడతాండాది కదక్కా, చాలు."

"నీకు చాలు. ఆయమ్మకు?"

అమ్మ తల దించుకుంది. కెపాసిటర్ మరీ చిన్నదైతే మాటలోని బరువును కూడా ఆపేస్తుందట. అక్క దాన్ని ఊడదీసి, బొటనవేలంత పెద్దది అతికించింది. ఈసారి స్విచ్ వేస్తే ‘టప్’మంది. నేను ఉలిక్కిపడ్డాను.

"పెద్దది కదా, కరెంటు నిండేటప్పుడు అట్లే అంటాది. గొంతు నిండుగా రావల్లంటే ఓర్చుకోవల్ల" అంది.

అమ్మ మైకు దగ్గరికి తీసుకుంది. "పొయ్యి మీద పాలు పెట్టి ఈడేం చూస్తాండావే? మాడు వాసన రాలేదా?"

అదే బొంగురు. అచ్చం మా అమ్మే. నేను పాల సంగతి మరిచి నిలబడి ఏడ్చాను. అక్కే వెళ్లి గిన్నె దించింది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. ఎక్కడ మైకు పెట్టినా వినపడుతోందా అని మాత్రమే అడిగి ఊరుకోను. మాట్లాడేవాళ్ల ఇంటివాళ్లను పిలిచి, ఇది వాళ్ల గొంతేనా అని అడుగుతాను. చాదస్తమంటారు, అననీ.

అమ్మ మాట్లాడిన ఆ యాంప్లిఫయర్ పెట్టె నా అంగట్లోనే ఉంది. అప్పుడప్పుడు స్విచ్ వేస్తాను. ‘టప్’మంటుంది. ఆ తర్వాత ఎవరూ తిట్టరు.