ఎర్సీలియా నోట్లో మేకులు

మిలాను దగ్గరి మేదా ఊళ్లో పావ్లీన్ గారి కుర్చీల కార్ఖానాలో ఎర్సీలియా గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. కుర్చీలకు తోలు తొడగడం ఆమె పని. బుల్లి మేకులు నోటినిండా పోసుకునేది. నాలుకతో ఒక్కొక్కదాన్నే తిప్పి పెదాల మధ్యకు తెస్తే, అయస్కాంతపు సుత్తి దాన్ని అందుకునేది. తండ్రి పోయాక బడి మాన్పించి మేనత్త నేర్పిన పని అది. నోట్లో మేకులున్న మనిషిని ఎవరూ మాట్లాడమనరు. బిడియస్తురాలికి అంతకంటే హాయి ఏముంటుంది?

ఏదన్నా అడిగితే ఒకసారి "ఊఁ" అంటే అవును, రెండుసార్లు అంటే కాదు. కార్ఖానా అంతటికీ ఆ భాష అలవాటే.

ఆ వసంతంలో లవీనియా అనే ఆర్కిటెక్టమ్మ మిలాను నుంచి ఒక రాతబల్ల కుర్చీ బొమ్మ గీసుకొచ్చింది. వీపు ఆనే చోటు నుంచి చేతులు ఆనే చోటు దాకా అక్రోటు చెక్క ఒకే వంపుగా తిరగాలి. మీద ఎర్ర తోలు, కింద చక్రాలు. చెక్క వంచడం వడ్రంగి గౌదెంత్సియో వంతు. తోలు అంచు ఎక్కడికొస్తుందో చూడాలంటూ అతను రోజూ ఎర్సీలియా దగ్గరికి వచ్చేవాడు. ఆమె వేలు పెట్టిన చోట చెక్కను పలచన చేసేవాడు. లవీనియా అది చూసి మురిసిపోయి, తన బొమ్మను దిద్దుకునేది. ఎర్సీలియాకు గౌదెంత్సియో అంటే ఎంత ఇష్టమో కార్ఖానాలో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

కుర్చీ మిలాను ప్రదర్శనకు వెళ్లే ఉదయం ఎర్సీలియా ఆఖరి అంచుకు మేకులు కొడుతోంది. గౌదెంత్సియో టోపీ నలుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు. లిస్సోనె ఊళ్లో పెద్ద కార్ఖానా వాళ్లు పనికి రమ్మంటున్నారని, మిలాను నుంచి తిరిగొచ్చేటప్పుడు అక్కడ దిగి జవాబు చెప్పాలని అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటానంటే ఇక్కడే ఉండిపోతా. ఏమంటావ్?"

"ఊఁ" అంది ఎర్సీలియా. ఆ ఊపులో ఒక మేకు నాలుక కిందికి జారింది. మింగేస్తానేమోనని ఉలిక్కిపడేసరికి ఇంకో "ఊఁ" వచ్చేసింది.

"సర్లే, పని చూసుకో" అని అతను తల దించుకుని బయటికి నడిచాడు.

తోలు వదిలితే ముడత పడుతుంది. వదల్లేదు, కళ్లు మాత్రం వాకిట్లోనే ఉన్నాయి. అంచు పూర్తవగానే కుర్చీని ఎత్తుకెళ్లి వ్యానులో పెట్టారు. దొర్లిపోకుండా గౌదెంత్సియో దానిమీదే కూర్చున్నాడు. ఇంజను మోగింది.

ఎర్సీలియా పరుగెత్తుకొచ్చి వ్యాను ముందు మిగిలిన మేకులన్నీ ఉమ్మేసింది.

"టైర్లు పోతాయే పిల్లా!" అన్నాడు పావ్లీన్. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు వాకిలంతా వినపడింది.

"గౌదెంత్సియో, రెండో ఊఁ మేకుది. మొదటిదే నాది."

అతను లేవబోయాడు. కుర్చీ చక్రాల మీద వెనక్కి జారి, మనిషిని తీసుకెళ్లి వ్యాను గోడకు కొట్టింది.

"ఇన్నాళ్లూ ఇంత గొంతు ఎక్కడ దాచావమ్మా?" అన్నాడు పావ్లీన్, వంగి మేకులు ఏరుతూ. లవీనియా కూడా ప్రదర్శన కోసం వేసుకొచ్చిన మంచి గౌనుతోనే మోకాళ్ల మీద కూర్చుని ఏరింది, నవ్వు ఆపుకోలేక ఏరినవి మళ్లీ జారవిడిచింది.

మిలానులో ఆ కుర్చీకి ఏదో అందమైన పేరు పెట్టారు. మేదాలో మాత్రం అది "ఊఁ కుర్చీ". గౌదెంత్సియో ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పటికీ భార్యను ముఖ్యమైన మాట అడగాలంటే ముందు అరచెయ్యి చాపుతాడు. మేకులన్నీ అందులో పడ్డాకే అడుగుతాడు.