పెదనాన్న రాసిన అర్జీ

రాయపూర్ రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా మా పెదనాన్న. ఇంట్లో కూడా ఇంగ్లీషు ముక్క తగిలించందే మాట్లాడేవాడు కాదు. "ఆల్దో ఆకలి లేదు, రెండు ముద్దలు తింటాను. అన్‌లెస్ చారుంటే, మజ్జిగొద్దు" అనేవాడు.

అమ్మకి నెలలు నిండిన రోజుల్లో అక్కడే పనిచేసే నాన్నని తిల్దా స్టేషనుకి బదిలీ చేశారు. అది ఆపమని పెదనాన్న ఆల్దోలూ అన్‌లెస్‌లూ గుప్పించి రెండు పేజీల అర్జీ రాశాడు. ఆఫీసు పెద్దయిన తెల్లదొర రెండుసార్లు చదివి, "ఇంతకీ మీ తమ్ముడు వెళ్తాడా, వెళ్లడా?" అని ఇంగ్లీషులో అడిగాడు. పెదనాన్నకి వచ్చిన ఇంగ్లీషు కాస్తా ఎగిరిపోయింది.

"సాబ్, ఉస్కో మత్ భేజో. ఘర్‌మే బచ్చా హోనేవాలా హై" అని, ఇంట్లో పురుడు రాబోతోంది, తమ్ముణ్ని పంపొద్దని హిందీలో చేతులు జోడించాడు.

దొర అక్కడికక్కడే బదిలీ ఆపేశాడు.

ఇంటికొచ్చి దిగాలుగా కూలబడ్డ పెదనాన్నని, "పనయింది కదా, ఆ మొకమేటి?" అంది పెద్దమ్మ.

"అయింది గానీ, హిందీలో అయిందే!" అన్నాడు.