నిద్రపోయిన స్కూటర్

పెట్రోల్ ధర మళ్లీ పెరిగింది. బంకు వాసన తగిలితేనే నాకు ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు ధర పెరిగినప్పుడల్లా నాన్న స్కూటర్‌లో ఇంకాస్త తక్కువ పోయించేవాడు. ఆదివారం షికార్లు ఎప్పుడో బందయ్యాయి. నన్ను బడికి తీసుకెళ్తుంటే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయేది. అడుగున మిగిలిన పెట్రోల్ ఇంజన్‌కు అందాలని నాన్న దాన్ని పక్కకు వంచేవాడు.

"బండికి నిద్రొచ్చింది బిడ్డా, జర లేపుతున్న" అనేవాడు. నేను నమ్మేదాన్ని.

ఒకరోజు వెనక కారాయన హారన్ మీద చెయ్యి తీయలేదు. "పెట్రోల్ పోయించనోనికి బండెందుకు?" అని అరిచాడు.

"మా బండి నిద్రపోయింది, మొత్తుకోకు!" అని నేనూ అరిచాను.

చుట్టూ అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

మర్నాడు అమీర్‌పేటలోని మా ఇంటి నుంచి బడికి నడిచే వెళ్లాం. "బండి ఇంకా లేవలేదా?" అని అడిగాను.

"పండుకోనియ్యి బిడ్డా" అన్నాడు.

నా కోపం మాత్రం ఇప్పటికీ పండుకోలేదు.