ఉల్లంకి గూడూ, పసుపు చీరముక్కా

మా ఆడపడుచు ఆ ఏడు దక్షిణాన ఏదో దేశానికి టూరు వెళ్లి పెంగ్విన్లను చూసి వచ్చింది. మూరెడు ఎత్తు కూడా లేని పక్షులట. సాయంత్రమయ్యేసరికి సముద్రంలోంచి బయటికొచ్చి, ఇసుక మీద బారుగా నడిచి బొరియల్లో దూరతాయట. వాటిని చూడటానికి మెట్లు కట్టి జనాన్ని కూర్చోబెడతారట. ఆ సంగతి చెప్పడానికి రాజమండ్రి నుంచి ఉప్పాడ వచ్చి, ఫోనులో రెండు వందల పద్నాలుగు ఫొటోలు చూపించింది. లెక్కపెట్టాను. పెంగ్విన్లున్నవి పదకొండు. తక్కిన వాటిలో తనే ఉంది.

"ఆ సాయంత్రం ఎన్ని వచ్చాయి?" అని అడిగాను.

"చాలా వచ్చాయి వదినా."

"చాలా అంటే?"

"అబ్బబ్బ, ఇది నీ లెక్కల క్లాసు కాదమ్మా! అలాంటిదొక్కటి మీ ఉప్పాడలో చూపించు చూద్దాం. కాకులూ కుక్కలూ తప్ప ఏమున్నాయిక్కడ?"

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. చూపిస్తానన్నాను.

మర్నాటి నుంచి ఒడ్డు వెంట ఉదయం ఆరింటికొకసారి, మధ్యాహ్నం పన్నెండింటికొకసారి నడిచాను. సముద్రం కోత ఆపడానికి పోసిన రాళ్లు దాటితే కొంతమేర ఇసుక ఇంకా మిగిలి ఉంది. తొమ్మిదో రోజున అక్కడ ఒక పిట్ట కనిపించింది. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, ఇసుక రంగు వీపు, తెల్ల పొట్ట. ఇక్కడివాళ్లు ఇలాంటివాటన్నిటినీ ఉల్లంకులనే అంటారు. అది నన్ను చూసి రెక్క విరిగినట్టు కుంటుతూ పరుగెత్తింది. హోంవర్కు చేయని పిల్లలు కడుపునొప్పి తెచ్చుకోవడం ఎన్నిసార్లు చూశానో. దాని వెంట పోకుండా, అది లేచిన చోటికే వెళ్లాను.

దాన్ని గూడనడానికి నాకు మనసొప్పలేదు. ఇసుకలో అరచేతి లోతు కూడా లేని గుంట, నాలుగు గవ్వపెంకులు, ఒక గుడ్డు. పైన నీడ లేదు, చుట్టూ అడ్డు లేదు. అంత తెలివితక్కువ సంసారం నేను చూడలేదు. మూడో రోజుకి రెండో గుడ్డు, అయిదో రోజుకి మూడోది. అక్కడి నుంచి రోజులు లెక్క మొదలుపెట్టాను.

ఎండ ముదిరాక అది చేసే పని చూశాక మాత్రం కొంత తగ్గాను. అలల దాకా పరుగెత్తి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. కాసేపటికి దాని జంట వచ్చి కూర్చుంటే ఇది తడవడానికి పోయేది. ఒక మధ్యాహ్నం గంటలో పదకొండుసార్లు. అటూ ఇటూ తొక్కుతూ తిరిగే మనుషుల్లో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

తొక్కేస్తారనే, నా లెక్కలో నాలుగో రోజున గుంట చుట్టూ నాలుగు సరుగుడు పుల్లలు పాతాను. దూరానికి కనిపించాలని పాత చీర చించి చుట్టూ కట్టాను. ఆ చీర పసుపుది, ఎర్ర అంచు. ఈ ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఉంటూ కూడా అది కట్టానంటే, ఆ తప్పుకి నాకు నేనే సున్నా వేసుకోవాలి.

ఆరో రోజు ఉదయానికి అక్కడ రెండు కొబ్బరిచెక్కలు, వేపమండలు, గుప్పెడు పసుపన్నం. మూడు గుడ్లకీ కుంకుమ బొట్లు. చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు. పిట్ట దూరాన అరుస్తోంది. కొబ్బరి కోసం వచ్చిన కాకులు నాలుగు.

"టీచరమ్మగారూ, చెప్పులండీ, చెప్పులు! అమ్మోరి దగ్గరికి అలాగేనా రావడం?" అంది మా వీధిలో ఎండుచేపలమ్మే ఆవిడ.

"అమ్మోరు కాదు, పిట్టగూడు. ఆ గుడ్డ కట్టింది నేను."

"అవునండీ. మీ చేత కట్టించింది ఎవరండీ మరి?"

అందరూ తలలూపారు. గుడ్లు పెట్టింది పిట్ట అన్నాను. పిట్ట చేత పెట్టించింది ఎవరంది. అంత గట్టిగా అడ్డం తిరిగే బుర్రని మంచి పనికి వాడి ఉంటే ఊరు బాగుపడేది.

పదో రోజున జనం కదలక గుడ్లు నలభై రెండు నిమిషాలు ఎండలో ఉన్నాయి. ఇంకో రెండు రోజులిలా సాగితే అవి ఉడకడం ఖాయం. కాదంటే కాకులకి పోతాయి.

మర్నాడు మధ్యాహ్నం, ఇసుక కాలి ఎవరూ రాని వేళ, పుల్లలూ చీరముక్కా పీకాను. అన్నం మెతుకులతో సహా ఏరి, ఉత్తరంగా నూట ఇరవై అడుగులు నడిచి పుల్లలు అక్కడ పాతాను. అలాంటి గుంటే తీసి, రోడ్డు పని దగ్గర ఏరిన కంకర రాళ్లు మూడు అందులో పెట్టి కుంకుమ అద్దాను. నేను తిరిగి రాళ్లకట్ట చేరేలోపే పిట్ట గుడ్ల మీద ఉంది.

తెల్లవారి ఎండుచేపలావిడ పరుగున మా ఇంటికొచ్చింది. "టీచరమ్మగారూ, అమ్మోరు జరిగిందండీ! సముద్రం ముందుకొస్తందని తల్లికి ముందే తెలిసిపోయింది!"

గుడ్లేవీ అని ఒక్కరూ అడగలేదు. కంకరకి దండాలు మొదలయ్యాయి. కాకులు కూడా అక్కడికే మారాయి. వాటికి ఆ మాత్రం తెలివుంది.

ఇరవై అయిదో రోజు ఉదయం ఆరూ పదికి రెండు పిల్లలు గుంటలో ఉన్నాయి. మూడో గుడ్డు పగల్లేదు. బొట్టు ఎక్కువ పడింది దానికే. అదే కారణమని మాత్రం రాయను. తెలియనిది రాయడం నాకు అలవాటు లేదు. వెంటనే ఆడపడుచుకి ఫోను చేశాను. పదకొండున్నరకి కారు దిగింది. అప్పటికి పిల్లలు పుల్లల్లాంటి కాళ్లతో పరుగులు పెడుతున్నాయి.

నేను దక్షిణానికి తీసుకెళ్తుంటే తను ఉత్తరానికి తిరిగింది. చెప్పులు విప్పి, కంకర ముందు కళ్లు మూసుకుని నిలబడింది.

"ఇంత మహిమ గల చోటుంటే చెప్పలేదేంటి వదినా?" అంటూ ఫోను తీసి, చీరముక్కతో కలిపి తన ఫొటో తీసుకుంది. సరిగ్గా అప్పుడే తల్లిపిట్ట వెనకాల రెండు పిల్లలూ ఆమె మడమల పక్క నుంచి పరుగెత్తాయి.

"అదిగో, నీ పక్కనే!" అన్నాను.

నా గొంతుకి తల్లి ఒక్క కూత కూసింది. పిల్లలు ఇసుకకి అంటుకుపోయాయి. ఆమె వంగి చూసింది, కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

"ఇసుకేగా వదినా. అక్కడైతే మెట్ల మీద కూర్చుంటే చక్కగా కనపడతాయి."

ఇంటికొచ్చి పుస్తకంలో రాసుకున్నాను: పిల్లలు రెండు. వచ్చినవారు ఇద్దరు. చూసినవారు ఒకరు.